అక్క గొంతులో కాపురమున్నవాళ్ళు

కృపాదానం అని పేరు పెట్టినవాళ్ళు, కాస్త కృప తన కోసం కూడా అట్టేపెట్టుకొమ్మని చెప్పడం మర్చిపోయారు. అందుకే యాభై దాటేసరికి అతనికి మిగిలినవి చెవులూ చమత్కారమూ మాత్రమే. చెవులతో ఉద్యోగం చేసేవాడు. చమత్కారంతో ఆ ఉద్యోగాన్ని భరించేవాడు.

ఉద్యోగం సర్వసమృద్ధి మందిరంలో. రావులపాలెం దాటి హైవే మీద పోతుంటే అరటితోటల మధ్య గాజుబీరువాలా తళతళలాడుతూ కనిపిస్తుంది. మంది రావాలి గనక మందిరమన్నారని కృపాదానం అనేవాడు. వచ్చిన మందికి, సంపాదనలో దశమభాగం వేస్తే దశ మారుతుందని లోపల చెప్పేవారు. ఎవరి దశ మారిందో కార్లు నిలిపే చోటికెళ్ళి చూస్తే తెలిసేది.

ఆ మందిరం పై అంతస్తులో ధ్వని పరిశోధన విభాగం. అక్కడ కృపాదానమూ, భార్గవి అనే కుర్ర ఇంజనీరూ కలిసి ఏళ్ళ తరబడి కుస్తీపట్టి ఒక యంత్రాన్ని తయారుచేశారు. దానికి పెట్టిన శాస్త్రీయ నామం ఎవరికీ నోరు తిరక్కపోవడంతో అందరూ జల్లెడ అనేవారు.

అది మొదటిసారి కదిలిన రోజు కృపాదానం చెవులకు హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకుని మైకు ముందు కూర్చుని, "మన క్యాంటీను ఉప్మాలో ఉప్పు లేదు, ఉన్నదంతా మాయే" అన్నాడు. భార్గవి మీట నొక్కింది. స్పీకర్లోంచి అదే మాట ఇంకో గొంతుతో వచ్చింది. కాస్త ముక్కుతో, కాస్త విసుగుతో, వాక్యం చివర బెత్తం ఆడించినట్టు. కృపాదానం చటుక్కున లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక సిగ్గుపడ్డాడు.

"ఎవరు సార్?"

"మా లెక్కల మాస్టారమ్మా. ముమ్మిడివరం బళ్ళో చెప్పేవారు. నేను కాలేజీకి రాకముందే పోయారు."

మనిషి మాటలు మారతాయి, యాస మారుతుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది మాత్రం ఎవరి ఒళ్ళో, ఎవరి ఎదుట నేర్చుకుంటామో వాళ్ళదే ఉండిపోతుంది. ఆ నేర్పినవాళ్ళకి ఇంకొకరు నేర్పి ఉంటారు. జల్లెడ ఆ ఊపిరి జాడ పట్టుకుని ఒక గొంతులోంచి ఇంకో గొంతును దించుతుంది. దించిన పొర స్పీకర్లోకి పోతుంది. ఆ పొర లేని మన మాట డిప్పల్లోంచి మనకే వినిపిస్తుంది. అంతవరకే వాళ్ళకి తెలుసు. తెలియనిదేదో డిప్పల వైపు ఉండిపోయింది.

మందిరాన్ని స్థాపించిన డాక్టర్ జెకర్యా సుమంత్ గారిని అందరూ ఫౌండరుగారు అంటారు. ఆయన జల్లెడను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

"చూశావా దానం! మన విశ్వాసంలోకి బయటివాళ్ళెంతమంది చొరబడ్డారో! గ్రీకువాడు తర్కం తెచ్చాడు, రోమావాడు దర్బారు తెచ్చాడు, దొరలు కోటూ క్వయిరూ తెచ్చారు, మనవాళ్ళు భజనలూ చెక్కభజనలూ తెచ్చారు. ఇవన్నీ జల్లిస్తే అడుగున ఏముంటుంది? ఆది స్వరం! ఆయన స్వరం! దాన్ని ప్రతి ఇంటికీ ఇద్దాం."

"ఇద్దామంటే అమ్ముదామనాండి?"

"ఇవ్వడమేనయ్యా. కానుక తీసుకుని."

"అంటే ఊరికే కాదు గనక కానుక," అని కృపాదానం లోలోపలే అనుకున్నాడు.

కొత్త బోరు వేసినా, కొత్త ఆటో కొన్నా అయ్యగారితో ప్రార్థన చేయించి గాని వాడరు కదా. యంత్రానికీ ప్రతిష్ఠ జరిగింది. ఫౌండరుగారు తెల్లకోటులో వచ్చి రిబ్బను కత్తిరించి, నూనెసీసా వంచి జల్లెడ నుదుటన (దానికి నుదురు ఎక్కడో ఆయనే నిర్ణయించాడు) ఒక బొట్టు రాశాడు. "లైట్లన్నీ వెలిగించండి, ఫొటోలో బాగుంటుంది" అంటే భార్గవి మొత్తం ఆన్ చేసింది. ఆయన మైకు మీద చెయ్యివేసి కళ్ళు మూసుకుని, "పొందుకో! రెట్టింపుగా పొందుకో! నీ సరిహద్దులు విశాలమగును గాక!" అని గది అదిరేలా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. లడ్డూలు పంచారు.

ఇక జల్లించడానికి పాతకాలపు గొంతు కావాలి. కృపాదానం ఆలోచించకుండానే, "మా అక్క ఉంది" అన్నాడు.

అక్క పేరు విశ్రాంతమ్మ. ఆ పేరుకీ ఆవిడకీ మధ్య జన్మలో మాటల్లేవు. గోదావరి లంకలో, పేటలో ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీ. ఏ ఇంట చావొచ్చినా మొదట గడప తొక్కేది ఆవిడే. పీనుగు పక్కన కూర్చుని ముందు మామూలుగా మాట్లాడుతుంది. మాట మెల్లగా ప్రార్థన అవుతుంది. ప్రార్థన శోకం అవుతుంది. ఏడవలేక బిగుసుకుపోయినవాళ్ళు కూడా ఆ గొంతు పట్టుకుని ఏడుపులోకి దిగుతారు. తల్లి పోయినప్పుడు కృపాదానాన్ని అలాగే దించి, అలాగే ఒడ్డుకి చేర్చింది. తరవాత పెంచింది.

అతను వెళ్ళేసరికి పెరట్లో బండ మీద బూడిద వేసి చేపలు తోముతోంది. అంతా విని, చేతులు కడక్కుండానే అడిగింది.

"అంటే ఒరేయ్, నా ప్రార్థనలో ఉన్నోళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనే లేపేత్తారన్నమాట."

"లేపడం కాదక్కా, పక్కన కూర్చోబెడతాం. నీదేం పోదు."

"అందరూ తప్పుకుంటే అడుగునెవరుంటారు?"

"ఫౌండరుగారైతే యేసయ్య ఉంటాడంటున్నారు."

విశ్రాంతమ్మ చేతిలో చేపని బండ మీద పెట్టింది. "ఇన్నేళ్ళూ ఆయన్ని పిలిచానే గాని, ఆయన గొంతెలా ఉంటదో నాకు తెల్దురా తమ్ముడూ. ఒక్కసారి వింటే చాలు."

"వింటే ఏమడుగుతావు?"

"మనమ్మనెందుకు తీస్కెళ్ళిపోయాడో అడుగుతాను. ఇంకేవుంది."

మర్నాడే కృపాదానం అక్కని మందిరానికి తీసుకొచ్చాడు.

మొదటి రోజు అక్క డిప్పలు పెట్టుకుని, "దయగల తండ్రీ" అని మొదలెట్టగానే స్పీకర్లోంచి ఒక దొరసాని గొంతు వచ్చింది. "ధయగల థండ్రీ..." ఒత్తులు లేనిచోట ఒత్తుతూ, ఒత్తాల్సినచోట వదిలేస్తూ. విశ్రాంతమ్మ మోకాళ్ళు కొట్టుకుంటూ నవ్వింది. "మా ఆగ్నెస్ దొరసాని! హాస్టల్లో నాకు పేలు తీసి, జడేసి, ప్రార్థన నేర్పింది గదరా! ఎక్కడున్నారమ్మా ఇన్నాళ్ళూ?"

"నీ గొంతులోనేనక్కా, అద్దె లేకుండా," అన్నాడు కృపాదానం.

రెండోసారి గవర్రాజు పంతులుగారు దిగారు. పేటకొచ్చి, అరుగు మీద కూర్చుని, రాముడి భజనల బాణీల్లో క్రీస్తు కీర్తనలు నేర్పి, అందుకు సొంతవాళ్ళ చేత వెలి వేయించుకున్న మనిషి. ఆయన గొంతుకి తాళం చిడతలు కూడా దూరంగా వినిపించాయి.

దించిన గొంతుల్ని ఊరికే దాచడానికి లేదు. నిలవ ఉంచితే చెదిరిపోతాయి. అందుకని భార్గవి వాటిని తక్కువ శబ్దంలో ఎప్పుడూ తిప్పుతూనే ఉండేది. వాటికి చెప్పే మాట లేనప్పుడు ఊపిరి తీసేవి. గదిలో ఇద్దరే ఉన్నా నలుగురు ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా, భార్గవి అన్నం డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్ళి తినడం మొదలెట్టింది.

"భయమా అమ్మా?"

"భయం కాదు సార్. వాళ్ళకి పెట్టకుండా తిన్నట్టుంటోంది."

ఆ మర్నాడు అక్క కాఫీ తాగుతూ, "మొన్న ఆ దొరసానమ్మ గొంతు విని నేనెందుకంత నవ్వాన్రా?" అంది. గుర్తు లేక కాదు, అన్నీ గుర్తే. "పేలు తీసింది, జడేసింది. కానీ ఎవరికో జరిగినట్టుంది. ఫొటోలో చూసినట్టు."

భార్గవి ఆ మాట విని రికార్డులు తిరగేసింది. కృపాదానాన్ని పక్కకి పిలిచి, "డిప్పల్లో తన గొంతు తనకి అలా వినిపించేసరికి, గొంతు దాన్నే నిజమనుకుంటోంది సార్. పొర కాపీ కావట్లేదు. ఊడి వచ్చేస్తోంది. ఆపేద్దాం" అంది.

కృపాదానం అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కప్పు కింద పెట్టి, "ఇంకెంత దూరం?" అని అడిగింది.

"దూరం కాదక్కా, లోతు. వద్దు."

"ఇంతదాకా వచ్చి గుమ్మంలోంచి తిరిగిపొమ్మంటావా? కానియ్యరా."

అతను కానిచ్చాడు. అక్క మాట కాదనలేకే అనుకున్నాడు. నిజానికి అడుగున ఎవరున్నారో అతనికీ వినాలని ఉంది.

మూడోసారి వచ్చిన గొంతుని అక్కే పోల్చుకుంది. "ఓ నా తల్లో... ఓ నాయమ్మో..." వాళ్ళ నాయనమ్మ సూరమ్మ. కలరా వచ్చి పేట సగం ఖాళీ అయినప్పుడు వేపమండలు పట్టుకుని అమ్మవారి గద్దె ముందు పొర్లి ఏడ్చిన మనిషి. బాప్తిస్మం ఆమె చచ్చాక ఇంట్లోకొచ్చింది. అక్క యేసయ్యని పిలిచే శోకం అణువణువూ ఆ ముసల్దాని శోకమే. మనుషులు మతం మారారు గాని ఏడుపు మారలేదు.

ఫౌండరుగారు ఆ సమయానికి అక్కడే ఉన్నారు. "చూశారా, విగ్రహారాధన ఎక్కడ దాక్కుందో! తీసెయ్యండి, తీసెయ్యండి" అని చేతులు దులుపుకున్నారు.

ఆ కింద వచ్చినవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. పడవ తోస్తున్నట్టు పాడే మగవాళ్ళు. తిరగలి విసురుతూ గొణిగే ఆడమనిషి, దాసీదేమో. దర్బారులో చదివినట్టు గంభీరంగా ఒకడు. మధ్యలో ఒక సన్నటి గొంతు. ఏ భాషో, నాలుగు మాటలు చెప్పి దగ్గి, మళ్ళీ చెప్పడానికి ఊపిరి కూడదీసుకుంటోంది. చాలాదూరం నడిచి వచ్చినవాడిలాగా. అది కూడా దిగిపోయింది.

తరవాత స్పీకర్లోంచి కొత్త గొంతేదీ రాలేదు. విశ్రాంతమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె పెదాలు కదిలాయి. నున్నగా, వెచ్చగా, ఎక్కడా గరుకు లేని గొంతు.

"పొందుకో," అంది.

డిప్పలు తీసి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. "మాట్లాడాడ్రా. ఆయన మాట్లాడాడు."

"అమ్మ సంగతి అడిగావా?"

"అమ్మ సంగతా?" ఆవిడ తేలిగ్గా నవ్వింది. "అడగాలనిపించలేదు. రెట్టింపు ఇస్తానన్నాడు."

ఫౌండరుగారు నేల మీద మోకరించి నిజంగానే ఏడ్చారు. లేచాక, విశ్రాంతమ్మ గొంతు రికార్డే 'ఆది స్వరం' అనీ, ఆ ఆదివారమే విడుదల అనీ ప్రకటించారు.

ఆ వారంలోనే లంకలో ఏసుపాదం ఇసక పడవ తిరగబడి పోయాడు. అతని ఇంట ఆదరణ కూడిక. చాపల మీద జనం, మధ్యలో అతని పెళ్ళాం మార్తమ్మ. కన్నీటి చుక్క లేదు, రాయిలా ఉంది. విశ్రాంతమ్మ వచ్చిందనగానే అందరూ జరిగి దారిచ్చారు. ఇక ఆవిడ చూసుకుంటుందని ఊపిరి పీల్చుకున్నారు. అక్కని పడవ దాటించి తీసుకొచ్చిన కృపాదానం గుమ్మం పక్కన నిలబడ్డాడు.

విశ్రాంతమ్మ మార్తమ్మ పక్కన కూర్చుని తల మీద చెయ్యి పెట్టి చిరునవ్వు నవ్వింది.

"మార్తమ్మా, విచారమెందుకు? పొందుకో. పోయినదానికి రెట్టింపు పొందుకో."

మార్తమ్మ తలెత్తి చూసింది. "ఏం పొందుకోనక్కా? నాకున్నది ఆయనొక్కడే. రెట్టింపెలా వత్తాడు?"

"సందేహించకు. నీ సరిహద్దులు విశాలమవుతాయి."

ఎవరో ముసలాయన దగ్గాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మార్తమ్మ ఆ చేతిని తన తల మీంచి మెల్లగా తీసి పక్కన పెట్టింది, పొరబాటున వేరేవాళ్ళింటికొచ్చిన చేతిని పంపించినట్టు.

కృపాదానం చెవి ఆ మాట దగ్గర ఆగింది. విశాలమనే మాటకి ముందు ఆ చిన్న విరుపు. శా మీద ఆ సాగదీత. ఇది ఎక్కడ విన్నాడు?

అక్కని ఇంటి దగ్గర దింపి తిన్నగా మందిరానికి పోయాడు. భార్గవి అప్పటికే తెర ముందు కూర్చుని ఉంది. ఒక మీట నొక్కింది. గది అదిరింది: "పొందుకో! రెట్టింపుగా పొందుకో!"

"ప్రతిష్ఠ రోజుది సార్. ఫొటో కోసం అన్నీ ఆన్ చేశాను గదా. దాని జ్ఞాపకాలన్నీ తుడిచి పెట్టుంచిన రోజది. అది మొదట విన్న గొంతు ఆయనదే. దానికి కొలత మొదలయ్యే సున్నా ఆయనే అయిపోయాడు. ఆయనలా లేనివాళ్ళందర్నీ బయటివాళ్ళనుకుని తోడేసింది. అందరూ పోయాక ఖాళీలో ఆ సున్నాని పోసింది."

గదిలో దొరసానీ, పంతులూ, సూరమ్మా, పడవవాళ్ళూ ఊపిరి తీస్తున్నారు.

"సార్," అంది భార్గవి నెమ్మదిగా, "అంటే మీవాళ్ళు చెప్పే ఆయన గొంతు కూడా... ఈ తీసేసినవాళ్ళలోనే ఎక్కడో ఉండుంటుందా?"

ఇద్దరూ స్పీకర్ల వైపు చూశారు. ఆ సన్నటి గొంతు ఒకసారి దగ్గింది.

ఫౌండరుగారు సంగతి విని అసలు కంగారుపడలేదు. "మంచిదే కదయ్యా. ప్రతిష్ఠ పనిచేసిందన్నమాట! దేవుడు తన దాసుడి గొంతులో మాట్లాడకూడదా?"

"అయితే మీరొకసారి డిప్పలు పెట్టుకోండి సార్. మీలో ఎవరున్నారో కొత్త సున్నాతో చూద్దాం. టీవీల్లో దొరబోధకులుంటారో, హోటల్లో అమ్మకాల పాఠాలు చెప్పేవాళ్ళుంటారో. మీది ఆశీర్వాదమో, ఆస్తీర్వాదమో తేలిపోతుంది" అన్నాడు కృపాదానం.

ఆ పెద్దమనిషి నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి పోయింది. మొదటిసారి మైకు లేని గొంతుతో, "మా నాన్న చర్చి బయట చెప్పులు కుట్టేవాడు దానం. ఆ గొంతు వదిలించుకోడానికి నాకెన్నేళ్ళు పట్టిందో నీకు తెలుసా? ఇప్పుడున్న ఈ గొంతులు కూడా తీసేస్తే కింద ఆ యేసయ్య లేకపోతే?" అన్నాడు. మరుక్షణం కోటు సర్దుకుని, "ఆదివారం మార్పు లేదు" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం మారలేదు. ఆ సాయంత్రానికే రావులపాలెం సెంటర్లో, ఆటోల్లో, నూనెసీసాలమ్మే బడ్డీల్లో, విశ్రాంతమ్మ గొంతు మోగింది. పొందుకో. పొందుకో. మనిషి ఇంట్లో కూర్చుంటే గొంతు ఊరు తిరుగుతోంది. దెయ్యాలు సాధారణంగా మనిషి పోయాక తిరుగుతాయి. కృపాదానం అక్కకి ఆపాటి గడువు కూడా దొరకలేదు.

అతను ఉద్యోగం వదిలి, గొంతులన్నిటినీ భార్గవి చేత ఆగకుండా తిరిగే ఒక చిన్న ప్లేయరులోకి ఎక్కించుకుని లంకకి వచ్చేశాడు. "యంత్రంతో తిరిగి ఎక్కించడం కుదరదు సార్" అని ముందే చెప్పింది భార్గవి. "మొదట ఎలా ఎక్కాయో అలాగే ఎక్కాలి. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, నోటితో."

అక్కకి నిజం చెప్పాడు. "ఆ మాట్లాడింది ఆయన కాదక్కా. మా ఫౌండరుగారు."

"సందేహం దొంగలాంటిది తమ్ముడూ," అంది అక్క ప్రేమగా. "పొందుకో." అన్నం వడ్డించింది. మజ్జిగ పోసింది. అన్నీ చేసింది. అన్నీ చేస్తున్న ఆ మనిషిలో అక్క లేదు.

అప్పుడు నేర్చుకోవడం మొదలెట్టాడు. జీవితమంతా నవ్వించడానికి వాడిన గొంతుని ఆడవాళ్ళ శోకానికి వంచడం మాటలా? పెరట్లో కూర్చుని దొరసానిలా ఒత్తులు తప్పాడు. పంతుల్లా తాళం వేశాడు. నాయనమ్మలా "ఓ నాయమ్మో" అంటుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి, దానానికి ఏదో పట్టిందని చెప్పుకున్నారు. పట్టిన మాట నిజమే. గడ్డం గీసుకుంటుంటే నోటెంట ఎవరి కూనిరాగమో వచ్చేది. నిద్రలేస్తూనే ఎవరికో దాహమేసేది, నీళ్ళు అతను తాగేవాడు. ఆ దగ్గు కూడా వచ్చేసింది. మాటకి మాట అంటించి ఎగతాళి చేసే అలవాటు మాత్రం ఎటుపోయిందో, వెతకబుద్ధి కాలేదు.

కాస్త పట్టుబడిందనిపించాక, అక్కని వెంటబెట్టుకుని మార్తమ్మ ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఎండ. మార్తమ్మ ఇంకా అలాగే ఉంది, ఎండిపోయి. విశ్రాంతమ్మని చూసి మొహం తిప్పుకుంది.

"అక్క కాదమ్మా, నేనొచ్చాను," అంటూ కృపాదానం నేల మీద కూర్చున్నాడు. "నవ్వొస్తే నవ్వెయ్యి, ఏమీ అనుకోను."

మొదట మామూలుగా మాట్లాడాడు. ఏసుపాదం పడవ గురించి, అతను గెడ వేసేటప్పుడు పెట్టే కేకల గురించి. మాట మెల్లగా ప్రార్థనైంది. గొంతు బొంగురుపోయింది, శ్రుతి తప్పింది, ఒకచోట కోడిపిల్లలా కీచుమంది. మార్తమ్మ పెదవి మీద నవ్వులాంటిదేదో వణికింది. అతను ఆపలేదు. "ఓ నా తండ్రో... ఓ నాయమ్మో..." అని నాయనమ్మ శోకంలోకి దిగేసరికి ఆ వణుకు మొహమంతా పాకి, మార్తమ్మ రెండు చేతులతో నేల చరిచి, ఏసుపాదాన్ని పేరు పెట్టి పిలిచి, భోరుమంది.

విశ్రాంతమ్మ చుట్టపుచూపుగా వచ్చినదానిలా గోడకానుకుని మర్యాదగా చూస్తోంది. ఏడుస్తున్నవాళ్ళని చూసి ఆమె కళ్ళలో చెమ్మ లేదు. కృపాదానం చెమట తుడుచుకుని, ఆశ వదులుకుని, ఆఖరున ఆ ఊరూ పేరూ తెలియని నాలుగు మాటలు కూడా చెప్పి దగ్గాడు.

విశ్రాంతమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఇంటి బయట ఎర్రటి ఎండలోకి చూసింది. అక్కడ ఎవరూ లేరు. చాలాసేపు చూసింది. తరవాత తమ్ముడి మోచెయ్యి పట్టుకుని, నున్నదనం అక్కడక్కడా చిట్లిన గొంతుతో గుసగుసలాడింది.

"ఎవర్రా వాళ్ళంతా? ముసల్ది, దొరసాని, ఆ దగ్గేవాడు... అంత ఎండలో బయట నిలబెట్టావేంట్రా తమ్ముడూ? లోపలికి రమ్మను."